గుండ్లబావికి సున్నా వచ్చిన వైనం

మనిషి నీళ్ళు తాగాలంటే దాహమూ నీళ్ళూ ఉంటే సరిపోదనీ, ఆ రెండింటి నడుమ సక్రమమైన పత్రం ఒకటి ఉండి తీరాలనీ పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది ఎండాకాలంలో శుద్ధజల సమాచార నిగమం వారు కనిపెట్టారు. అంతకుముందు కొన్ని వేల ఏళ్ళపాటు జనం ఏ పత్రమూ లేకుండానే చెరువుల్లోనూ వాగుల్లోనూ దోసిళ్ళు ముంచి నీళ్ళు తాగేశారు. జరిగిపోయిన దానికి ఇప్పుడు వాళ్ళ మీద చర్య తీసుకోవడం కుదరదు గనుక నిగమం వారు పెద్దమనసుతో వదిలేశారు.

నిగమం వారి కార్యాలయం నల్గొండలో ఒక కిరాయి మేడ మీద ఉండేది. ఈ జిల్లాలో బోరింగు కొడితే ఫ్లోరైడు నీళ్ళు వచ్చే ఊళ్ళు బోలెడు. ఆ నీళ్ళు తాగితే పళ్ళు గోధుమరంగు చారలు పడతాయి. ఎముకలు వంకరపోతాయి, నడుము వంగిపోతుంది. ఈ సంగతి ఇక్కడ పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు (ఎక్కడో పుట్టి ఇక్కడికి అధికారులుగా వచ్చినవాళ్ళకు చెప్పినా లాభం లేదు). అటువంటి ఊళ్ళకు కృష్ణ నీళ్ళు గొట్టాల్లో పంపి, వీధికో నల్లా పెట్టాలని పథకం వేశారు. పథకం బంగారం లాంటిది. ఏ ఊరికి ఇవ్వాలో తేల్చే పని మనుషులకు అప్పగిస్తే పక్షపాతం దొర్లుతుందని దాన్ని ఒక కంప్యూటరుకు అప్పగించారు. పక్షపాతం పోయింది. దాని వెంటే ఇంకా చాలా పోయాయి.

పద్ధతి ఏమిటంటే, ఊరి సంగతులన్నీ ఎక్స్.ఎం.ఎల్. అనే కొత్త రాతలో రాసి కంప్యూటరుకు తినిపించాలి. ఆ రాతలో ప్రతి సంగతికీ ముందొక గుర్తు, వెనక ఒక గుర్తు ఉంటాయి. ఏ గుర్తు ఉంటే ఏ గుర్తు ఉండాలో, ఏది లేకపోతే ఏది ఉండకూడదో చెప్పే నియమావళి హైదరాబాదు నుంచి వచ్చింది. దాని పేరు స్కీమా. పత్రం ఆ నియమాలన్నిటికీ ఒదిగితే తెర మీద పచ్చటి అక్షరాల్లో 'సక్రమం' అని వస్తుంది. ఒక్కదానికి ఒదగకపోయినా ఎర్రటి అక్షరాల్లో 'అక్రమం' అని వస్తుంది. ఇంగ్లీషులో వచ్చే ఈ మాటలకు ఇట్లా తెలుగు చేసి గోడకు రాయించినవారు కార్యాలయపు ధ్రువీకరణాధికారి భావనారాయణ గారు. స్కీమాను ఆయన దేవుడి గదిలో పెట్టదగిన వస్తువుగా చూసేవారు.

ఆ ఫ్లోరైడు ఊళ్ళలో ఒకటైన గుండ్లబావిలో మాత్రం ఈ ఎక్స్.ఎం.ఎల్. అన్న మాట వినగానే జనం తలుపులు వేసుకున్నారు. ఆ రోజుల్లో ఎం.ఎల్. అని తోకలున్న పార్టీలు ఆ చుట్టుపట్ల చాలానే తిరుగుతుండేవి, చీలుతుండేవి. ఇది కూడా కొత్తగా చీలిన ముక్క అనుకున్నారు. "గిది ఏ దళం? అన్నం పెట్టాల్నా, చందా ఇయ్యాల్నా?" అని సర్పంచి జానమ్మ కబురు తెచ్చినవాణ్ణి ఆరా తీసింది. కాదమ్మా, ఇది సర్కారుదే అని తేలాక ఊరు మరింత భయపడింది.

ఆ ఊళ్ళో గోపయ్య అనే గొర్ల కాపరి ఉన్నాడు. వార్డు మెంబరు కూడా. అరవై దాటాయి. కాళ్ళు రెండూ మోకాళ్ళ దగ్గర బయటికి వంగిపోయి, నిలబడితే నడుమ గొర్రెపిల్ల దూరిపోయేంత సందు ఉండేది. మెడ తిరగదు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. కార్యాలయాల చుట్టూ తిరిగీ తిరిగీ కాళ్ళు అరిగిపోయాయని మామూలు జనం వాపోతుంటారు కదా, గోపయ్యకు ఆ బెంగ లేదు. ఆయన కాళ్ళు తిరగక ముందే పాడైపోయాయి.

తన కాళ్ళ కోసం ఆయన నల్లా అడగలేదు. "నాది ఒడిసిన ముచ్చట" అనేవాడు. ఆయన దిగులంతా మనవరాలు యాదలక్ష్మి గురించి. పిల్లకు ఆరేళ్ళు. తెల్లటి పాలపళ్ళు. నవ్విందంటే గొర్లు కూడా మేత మాని చూస్తాయని తాత గొప్పలు పోయేవాడు. నల్గొండ దవాఖానలో చూపిస్తే డాక్టరమ్మ, "ఇవి ఊడి కొత్త పళ్ళు వస్తాయి. ఎంత తొందరగా నీళ్ళు మారిస్తే అంత మేలు" అంది. అప్పటి నుంచి గోపయ్యకు పొద్దున లేవగానే పిల్ల నోరు తెరిపించి, ముందుపన్ను వేలితో కదిపి చూడడం ఒక పని అయింది. అది ఊడేలోపల ఊళ్ళోకి నల్లా రావాలి. ఆయన పెట్టుకున్న గడువు అదొక్కటే.

నీళ్ళు దూరంలో ఉన్నాయా అంటే అదీ కాదు. అవతలి ఊళ్ళకు పోయే కృష్ణ నీళ్ళ గొట్టం గుండ్లబావి బీడులోంచే పోతుంది. గొర్లు మేసే చోట అది కొంతదూరం నేల మీదికి తేలి ఉంటుంది. గోపయ్య దానికి చెవి ఆనించి లోపల నీళ్ళు పోయే చప్పుడు వినేవాడు. మనవరాలికీ వినిపించేవాడు. "తాతా, గవి మనయేనా?" అనడిగేది పిల్ల. "పత్రం అయినంక మనయే" అనేవాడు.

సర్పంచి జానమ్మ దరఖాస్తు మీద సంతకం పెట్టి, "నాకు కలుపు ఉన్నది మామా, జర నువ్వే పోయిరా" అంది. దరఖాస్తుకు జతగా గోపయ్య దగ్గర ఒక గట్టి కాగితం ఉంది. బోరింగు నీళ్ళను పరీక్ష చేసి, ఫ్లోరైడు ఆరున్నర అని రాసి, కింద ముద్ర గుద్దిన కాగితం. ఒకటిన్నర దాటితేనే తాగొద్దంటారు. ఆ కాగితం వచ్చిన రోజునే ప్రభుత్వం వాళ్ళు వచ్చి బోరింగుకు ఎర్ర రంగు పూసి 'తాగరాదు' అని రాసి పోయారు. (ఏది తాగవచ్చో రాసే రంగు వాళ్ళు ఆ రోజు తేలేదు.) ఇంత గట్టి రుజువు చేతిలో పెట్టుకొని గోపయ్య ధీమాగా బస్సెక్కాడు.

నిగమం కార్యాలయంలో కంప్యూటరు ముందు కూచునే కుర్రాడు వహీద్. పానగల్లు దిక్కు వాడు, మంచివాడు. కంప్యూటరు డిప్లొమా చేశాడు. తెలుగు అక్షరాలు ఆ కంప్యూటరుకు డబ్బాలుగా కనపడేవి గనుక, వహీద్ ఊళ్ళనూ మనుషులనూ జబ్బులనూ ఇంగ్లీషులోకి మార్చి ఎక్కించేవాడు. తాతను కుర్చీలో కూచోబెట్టి సంగతులు ఒక్కొక్కటే అడిగి కొట్టాడు. తెర ఎర్రగా మారింది.

"ఏమైంది బిడ్డా?"

"అక్రమం అంటాంది తాతా. మీది నీళ్ళున్న ఊరట. నీళ్ళున్నంక మళ్ళ నల్లా ఎందుకంటాంది."

"ఉన్నయి గని తాగరావు గద. ఎర్ర రంగు ఏసిన్రు. గిదో కాయిదం."

"తాగొస్తయా తాగరావా అని అడిగే ఖానా లేదు తాతా. ఉన్నయా, లేవా, గంతే."

"మరైతే లేవని కొట్టు."

వహీద్ కొట్టాడు. ఈసారి తెర ఎర్రగా మారడమే కాక, ఫ్లోరైడు ఎంత అని రాసే ఖానా, అంటే ఆ గడి, మాయమైంది.

"నీళ్ళు లేవంటే ఫ్లోరైడు ఖానా మూసుకుంటది తాతా. నీళ్ళే లేని కాడ ఫ్లోరైడు ఏడికెళ్ళి వస్తదని దాని లెక్క."

"వారీ! మా ఊరి రోగమే అది. అసలు ముచ్చట ఇడిసిపెట్టి ఏం రాస్తవు?"

నీళ్ళున్నాయంటే నల్లా రాదు. నీళ్ళు లేవంటే రోగం రాయనివ్వదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అక్కడ నుయ్యి ఒకటైనా ఉంటుంది. స్కీమాలో అదీ లేదు. పైగా తెర మీది ఎరుపుకు ఇంకో కారణం కూడా ఉందని వహీద్ కనిపెట్టి చెప్పాడు. నీళ్ళు లేని చోట జనాభా సున్నా ఉండాలట. నీళ్ళు లేని చోట మనుషులు నివసించజాలరు గనుక అక్కడ మనుషులున్నారని రాయడం తప్పుడు సమాచారం కిందికి వస్తుంది.

"జనాభా సున్న అని కొట్టాల్నా మరి?" అన్నాడు వహీద్, అడగలేక అడుగుతూ.

"కొట్టు. కొట్టినంక మమ్ముల ఏడికి పొమ్మంటవు?"

"కాయిదం మీదనే తాతా."

"మనిషి లేని ఊరికి నల్లా ఎవడిస్తడు బిడ్డా?"

ఈ ప్రశ్నకు స్కీమాలో ఖానా లేదు. వహీద్ లేచి తాతను లోపలి గదిలోకి, భావనారాయణ గారి దగ్గరికి తీసుకుపోయాడు.

భావనారాయణ గారు కృష్ణ ఒడ్డు నుంచే వచ్చినవారు, కాకపోతే అవతలి ఒడ్డు. చిన్నప్పటి నుంచీ తియ్యటి నీళ్ళు తాగి పెరిగినందువల్ల ఆయన మాట మెత్తన, పళ్ళు తెల్లన. బల్ల మీద మూతికి సీలు వేసిన నీళ్ళ సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. గోపయ్య చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. ముద్ర గుద్దిన కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశారు. తిరిగి ఇచ్చేశారు.

"చూడండి గోపయ్య గారూ, మీ ఊళ్ళో ఫ్లోరైడు ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నానండీ. మీ కాళ్ళే చెబుతున్నాయి. కానీ నిజమా కాదా అన్నది మన పరిధిలోకి రాదు. సక్రమమా, అక్రమమా. మన పని అంతవరకే."

"నిజం గాకుంటే సక్రమం ఎట్లయితది సారూ?"

"ఎందుకు కాదండీ? నిజం ఊళ్ళో ఉంటుంది. సక్రమం స్కీమాలో ఉంటుంది. రెండూ ఒకదానికొకటి అడ్డురావు."

"గా నియమమే జర మార్చరాదు సారూ?"

భావనారాయణ గారు సీసా మూత తిప్పి ఒక గుక్క తాగారు. ఆ నీళ్ళనే కాసేపు నమిలి, తరవాత వివరించారు. నియమం మార్చమని అడగవచ్చు. దానికి 'ఫిర్యాదు' అనే గుర్తు స్కీమాలో ఉంది. అయితే అక్రమమైన పత్రాన్ని కంప్యూటరు పైకి పంపదు గనుక ఫిర్యాదు సక్రమమైన పత్రంలోనే రావాలి. పత్రం సక్రమమైతే ఫిర్యాదుకు కారణం లేదు గనుక ఆ ఖానా ఖాళీగా ఉండాలి. "ఇంతవరకు హైదరాబాదుకు ఖాళీ ఫిర్యాదులు తప్ప ఒక్కటీ వెళ్ళలేదండీ. అందరూ తృప్తిగా ఉన్నారని వాళ్ళు లెక్క వేసుకున్నారు" అన్నారు కొంచెం గర్వంగా.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని పాత సామెత. ఇక్కడ పూజారి కూడా మంచివాడే. గుడి తలుపుకే పొగరు.

గోపయ్య కోపం దిగమింగుకొని ఊరికి వచ్చాడు. మళ్ళీ పోయాడు, మళ్ళీ వచ్చాడు. ఒకసారి 'ఇతరములు' అనే గుర్తు కింద ప్రయత్నించారు. 'ఇతరములు' అంటే వివరణ రాయాలి, ఆ వివరణలో పై ఖానాల్లో వచ్చిన మాటలేవీ రాకూడదు. నీళ్ళు, బోరింగు, ఫ్లోరైడు అన్న మాటలు లేకుండా గుండ్లబావి కష్టం చెప్పాలి. వహీద్ ఒక మధ్యాహ్నమంతా తల గోక్కొని 'చాలా బాధ' అని మాత్రం రాయగలిగాడు. కంప్యూటరు దాన్ని దవాఖాన శాఖ వైపు తోసేసింది. దవాఖాన శాఖ, నీళ్ళు మార్చమని సలహా ఇచ్చి తిప్పి పంపింది.

ఇంతలో యాదలక్ష్మి పన్ను కదలడం మొదలుపెట్టింది.

ఆ పొద్దు గోపయ్య పిల్ల నోట్లో వేలు పెట్టి, చటుక్కున తీసేశాడు. "గట్టిగ ఏం నమలకు బిడ్డా. మక్కకంకి తినకు, జామకాయ కొరకకు" అని పిల్లకు కఠినమైన ఆంక్షలు పెట్టాడు. పిల్ల నాలుకతో పన్నును అటూ ఇటూ ఊపుకుంటూ తాతను చూసి నవ్వింది. ఆయన నవ్వలేకపోయాడు. గుండ్లబావిలో తను పుట్టినందుకు ఆయనకు ఎన్నడూ బాధ లేదు, పిల్ల పుట్టినందుకు మాత్రం ఆ పొద్దు ఏడుపొచ్చింది.

మరుసటి బస్సుకే నల్గొండ పోయి వహీద్ ముందు కూచున్నాడు. "బిడ్డా, నీ మిషను ఏమంటె నేను గదే అంట. నిజం పక్కకు వెట్టు. నల్లా వస్తె చాలు."

ఆ మాట వినడానికే స్కీమా ఇన్నాళ్ళూ కాచుకొని ఉంది.

వహీద్ నీళ్ళు 'లేవు' అని కొట్టాడు. ఎర్ర రంగు బోరింగును ప్రభుత్వమే వద్దంది గనుక అది లేనట్టే లెక్క. ఫ్లోరైడు ఖానా మూసుకుంది, మూసుకోనిచ్చాడు. ఇక మిగిలింది జనాభా. నీళ్ళు లేని చోట మనుషులు ఉండకూడదన్న నియమానికి ఒక మినహాయింపు ఉందని, సంచార జీవులు తాత్కాలికంగా ఉండవచ్చని వహీద్ ఆ వారమే కనిపెట్టాడు.

"తాతా, మీరు గొర్లతోని వలస పోతరు గద?"

"ఎండకాలం కృష్ణ దిక్కు పోతం. వానలు పడంగనే మర్లి వస్తం."

"చాలు. ఊరంత తాత్కాలికం అని కొడ్తున్న. యాడికెళ్ళి వచ్చిన్రు అని అడుగుతాంది."

"ఈడనే పుట్టినం."

"గట్ల ఒప్పదు. యాడికెళ్ళో రావాలె."

"రాసుకో మరి. గుండ్లబావి నుంచి గుండ్లబావికి వచ్చినం."

రాసుకున్నాడు. కంప్యూటరుకు అది నచ్చింది. ఊరు పేరున్న చోట ఊరు పేరే ఉంది, అంతకన్నా దానికి అక్కర్లేదు. 'ఎందుకు వచ్చితిరి' అన్నదానికి 'నీటి కొరకు' అన్నది ఒక్కటే అందులో ఉన్న జవాబు. కొట్టాడు. తెర పచ్చబడింది.

వహీద్ కుర్చీలోంచి లేచి తాత చేతులు పట్టుకున్నాడు. భావనారాయణ గారు గది నుంచి బయటికి వచ్చి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత అందంగా ఉందండీ పత్రం! ఒక్క గుర్తు కూడా పొల్లు పోలేదు" అని, దాన్ని అచ్చు తీయించి స్వయంగా ముద్ర వేసి ఇచ్చారు.

సక్రమం అంటే మంజూరు అని గుండ్లబావి వాళ్ళు అనుకున్నారు. ఈ పొరపాటు చదువుకున్నవాళ్ళు చెయ్యరు. ఆ రెండింటికీ మధ్య ఎంత ఎడం ఉందో వాళ్ళకు తెలుసు, ఆ ఎడంలోనే వాళ్ళ ఉద్యోగాలన్నీ ఉన్నాయి. గోపయ్యకు తెలియదు. నల్లా వస్తే పొట్టేలును కోస్తానని ఆయన మల్లన్నకు మొక్కుకొని ఉన్నాడు. సర్కారు పచ్చ అక్షరాలు ఇచ్చాక దేవుణ్ణి ఆగమనడం మర్యాద కాదని, మందలో అన్నిటికన్నా బలిసిన పొట్టేలును తెచ్చి కోశాడు. ఊరంతా తిన్నది. ఆ కూరను ఎర్ర బోరింగు నీళ్ళతోనే వండారు. జానమ్మ నల్లా ఎక్కడ పెట్టాలో గీత గీసింది. నల్లా ముందు ఎవరి బిందె ముందుండాలన్న దాని మీద అప్పుడే రెండు జగడాలు కూడా అయ్యాయి.

ఆ వారమే యాదలక్ష్మి పన్ను ఊడింది. పేడ ముద్దలో పెట్టి తాతతో కలిసి ఇంటి కప్పు మీదికి విసిరింది. "ఇగ ఏం ఫికర్ లేదు బిడ్డా, కొత్తది వచ్చేసరికి నల్లా వస్తది" అన్నాడు గోపయ్య. ఆయన ఈసారి ధైర్యంగానే చెప్పాడు. సక్రమమైన కాగితం ఇంట్లో దేవుడి పటం వెనక ఉంది.

వానలు పోయాయి, చలి వచ్చింది. ఒకరోజు ఊళ్ళోకి జీపు వచ్చింది. దాని వెనక ఒక ఆటో, అందులో నలుగురు కూలీలు. నల్లా పెట్టడానికే వచ్చారని ఊరు ఊరంతా ఎదురుపోయింది. కూలీల దగ్గర గొట్టాలు లేవు. రంగు డబ్బాలున్నాయి. వాళ్ళు నేరుగా బోరింగు దగ్గరికి పోయి, దాని ఎర్ర రంగు గీకి, నీలం రంగు వెయ్యడం మొదలుపెట్టారు. 'తాగరాదు' అన్న అక్షరాలను చెరిపేసి 'తాగవచ్చును' అని రాశారు.

జీపులోంచి భావనారాయణ గారు ఒక పూలదండతోనూ, పటం కట్టించిన ప్రశంసాపత్రంతోనూ దిగారు. వెనక వహీద్ దిగి, తల వంచుకొని నిలబడ్డాడు. గోపయ్య ఒళ్ళంతా తిప్పి వాడి వైపు చూశాడు.

"ఏందిది బిడ్డా?"

"తాతా, నాకు ఎరుక లేకుండె. ఫ్లోరైడు ఖానా ఖాళీగ ఉంటే మిషను దానంతట అదే సున్న ఏస్కుంటదట. పైన గట్ల రాసి పెట్టిన్రు. హైదరాబాద్‌ల మీ ఊరి ఫ్లోరైడు సున్న అని ఎక్కింది."

"సున్న?"

"సున్న. జిల్లాల ఇంత తక్కువ యాడ లేదట."

తక్కిన లెక్కంతా తనంతట తానే నడిచిపోయింది. ఫ్లోరైడు సున్నా ఉన్న ఊళ్ళో ఎర్ర బోరింగు ఉండరాదు, అది నియమం. అందుకని నీలం రంగు. నీలం రంగు బోరింగు ఉంటే ఊళ్ళో నీళ్ళున్నట్టు, అదీ నియమమే. నీళ్ళున్న ఊరికి నల్లా అక్కర్లేదు. మొదటి రోజు కంప్యూటరు చెప్పింది కూడా సరిగ్గా ఈ మాటే. దాని మాట మీద అది నిలబడింది, మనుషులే మధ్యలో ఊగిసలాడారు.

గోపయ్య ముద్ర గుద్దిన పాత కాగితం తీసి భావనారాయణ గారి మొహం ముందు పెట్టాడు. "సారూ, ఆరున్నర! గిదో సర్కారు ముద్ర! కళ్ళున్నయా మీకు? మా కాళ్ళు సూడుండ్రి! గా ముసలామె నడుము సూడుండ్రి! సున్న అంటరా?"

"గోపయ్య గారూ, ఉద్రేకపడకండి. పత్రం అక్రమమైతే సక్రమం చేసే దారులున్నాయండీ. సక్రమమైనదాన్ని అక్రమం చేసే అధికారం నాకే కాదు, హైదరాబాదుకు కూడా లేదు." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "మీరే కదండీ ఒప్పుకున్నారు."

గోపయ్య చాచిన కాగితాన్ని వెనక్కి తీసుకున్నాడు. అవును, ఆయనే ఒప్పుకున్నాడు. పిల్ల పన్ను కదిలిన రోజు, నిజాన్ని పక్కకు పెట్టమన్నది ఆయనే. పక్కకు పెట్టిన నిజం ఇప్పుడు ఎక్కడా దొరకలేదు.

సభ జరిగింది. 'గుండ్లబావిలో తాత్కాలికంగా నివసిస్తున్న ప్రజలు ఫ్లోరైడును సంపూర్ణంగా నిర్మూలించినందుకు' అని ప్రశంసాపత్రం చదివారు. జానమ్మకు దండ వేశారు. జానమ్మ దాన్ని తీసి బోరింగు మెడలో వేసి, "దీనికే వెయ్యుండ్రి, పని చేసింది ఇదే" అని పక్కకు పోయింది. భావనారాయణ గారు చప్పట్లు కొట్టారు.

చివరికి ఫొటో. ప్రశంసాపత్రంతో పాటు ఊరి జనం నవ్వుతున్న ఫొటో ఒకటి హైదరాబాదుకు పంపాలి, అది లేకపోతే పత్రం ముగియదు. ఊరిని బోరింగు ముందు నిలబెట్టారు. నడుములు వంగినవాళ్ళను ముందు వరసలో కూచోబెట్టారు, అప్పుడు ఎవరు వంగారో తెలియదు. జీపులో వచ్చిన ఫొటో తీసేవాడు కెమెరా కన్ను దగ్గర పెట్టుకొని, మళ్ళీ దించి, భావనారాయణ గారి వైపు చూశాడు. ఆయన వాడి దగ్గరికి పోయి చెవిలో ఏదో చెప్పారు.

"నవ్వుండ్రి అందరు" అన్నాడు వాడు. "జర నోరు మూసుకొని నవ్వుండ్రి."

గుండ్లబావికి ఆ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. తెలివి వచ్చినప్పటి నుంచీ వాళ్ళు అట్లాగే నవ్వుతున్నారు. ఒక్క యాదలక్ష్మికే ఇంకా అలవాటు లేదు. ఫొటో అనగానే నోరంతా తెరిచి నవ్వింది. ముందు కొత్త పన్ను సగం పైకి వచ్చి ఉంది, దాని మీద అడ్డంగా సన్నటి గోధుమరంగు గీత. గోపయ్య చూశాడు. మెల్లగా చెయ్యి ఎత్తి పిల్ల నోటికి అడ్డం పెట్టాడు.

ఫొటో హైదరాబాదు చేరింది. అందులో నోటికి అడ్డంగా ఒక చెయ్యి ఉన్నందున కంప్యూటరు కొంచెంసేపు ఆగి, నియమావళి చూసుకుంది. ఊరు ఫ్లోరైడు లేనిది అయినచో పళ్ళు కనపడుట ఐచ్ఛికము. సక్రమం అంది.